దరఖాస్తులోని పదునొకండవ గడి

మన సంఘపు వివాహ సమాచార శాఖవారు క్రొత్తగా సిద్ధపరచిన దరఖాస్తు నమూనా గత వారము సభ్యులందరకును పంపబడినది. పేరు, గోత్రము, నక్షత్రము, చదువు, ఉద్యోగము మొదలగు గడులు ఎప్పటివలెనే యున్నవి. పదునొకండవ గడి మాత్రము క్రొత్తది. అది వధువుల పత్రములోనే కలదు. వరుల పత్రములో లేదు. "కన్యకు ఇదివరలో గడ్డ, కంతి, ఆపరేషను వగైరాలు కలిగి యున్నచో వివరములు" అని అందులో అడిగినారు. ఇది ఎందువలన పుట్టినదో చాలమంది యెరుగుదురు. రొమ్ములో చిన్న గడ్డ తీయించుకొన్న మన పిల్ల యొకతె సంబంధము నిశ్చితార్థమునకు రెండు దినములు ముందుగా చెడిపోయినది. మగపెండ్లివారు "మాతో చెప్పక దాచినారు" అని సంఘమునకు ఫిర్యాదు చేసిరి. ఆ పిల్లకు జరిగిన అన్యాయమునకు మన పెద్దలు కనుగొన్న పరిహారము ఈ గడి!

ఈ గడిని నేను వ్యతిరేకించుచున్నాను. అది అవమానకరమని మాత్రమే కాదు. అది ప్రాణాపాయకరమని వ్యతిరేకించుచున్నాను. ఈ మాట పెద్దదిగా తోచవచ్చును. తుదివరకు చదివి, పిమ్మట తీర్పు చెప్పుడు.

నేను వైద్యుడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి గొడౌన్ వీధిలో బట్టల వ్యాపారము చేసికొనుచున్నవాడను. కాని ఇరువది యేండ్లుగా సంఘపు పనిమీద ఆస్పత్రుల మెట్లెక్కి దిగుచు, మనవారికి చీటీలు వ్రాయించుచు, డాక్టర్లు తమిళములోను ఇంగ్లీషులోను చెప్పినది మన ముసలివాండ్రకు తెలుగున విప్పి చెప్పుచు వచ్చితిని. ఆ మార్గమున ఓపికగల వైద్యులు నాకు బోధించిన సంగతులు కొన్ని గలవు. వానినే ఇచట మనవి చేయుచున్నాను.

ఈ విషయమును పత్రికలో చర్చింపవలెనని నే ననగానే ఒక పెద్దమనిషి మిక్కిలి కోపించిరి. "ఆడపిల్లల రొమ్ముల మాట నలుగురు చదువు పత్రికలో వ్రాయుదురా? మన సంప్రదాయ మేమి కావలె?" అనిరి. వారి వయస్సునకు నా నమస్కారము. కాని మన ప్రబంధ కవులు నాయికల కుచములను కొండలతోను, కలశములతోను, జక్కవలతోను పోల్చిన పద్యములు వేలకొలది గలవు. వానిని మన సభలలో రాగము తీసి చదివినపుడు ముందు వరుసలో కూర్చుండి తల యూపువారు ఈ పెద్దలే. అవధానములో పృచ్ఛకుడు స్తనవర్ణనము కోరినను వారికి సిగ్గు కలుగదు; అది సాహిత్యము. పదమూడేండ్ల పిల్ల "అమ్మా, ఇక్కడ గట్టిగా తగులుచున్నది" అన్నప్పుడు మాత్రము, "ఊరుకో, నాన్నకు వినబడును" అని నోరు మూయింతుము, అది సంప్రదాయము. కల్పిత స్త్రీల శరీరములను గూర్చి ఎంతయైన మాటలాడవచ్చును, కన్నబిడ్డ శరీరమును గూర్చి మాటలాడరాదు అను ధర్మము ఏ స్మృతిలో నున్నదో చూపినచో నేను కలము క్రింద పెట్టెదను.

ఇందులో చెన్నపురి తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. తరతరములుగా ఇచట నున్న మన యిండ్లలో పిల్లలకు వచ్చు తెలుగు వంటయింటి తెలుగు, పండుగల తెలుగు, బంధుత్వముల తెలుగు. బడిలో చదువునది తమిళము లేక ఇంగ్లీషు. శరీరమునకు సంబంధించిన మాటలు ఈ రెంటి నడుమ జారిపోయినవి. 'రొమ్ము' అను మాట పిల్లకు తెలియదు. తెలిసినను తిట్టువలె తోచును. కావున "ఛాతీ నొప్పి" యనును. ఛాతీ యనగానే తల్లికి జలుబో, ఆయాసమో, లేక పరీక్షల భయమో స్ఫురించును. వాముకషాయము కాచి యిచ్చి పండుకొనబెట్టును. మూడు నెలలు గడచిన పిమ్మట స్నానపు గదిలో చూచి అదరిపడిన తల్లిని నే నెరుగుదును. భాషను కాపాడుకొందమని ప్రతివారము మొదటి పుటలో అచ్చువేయు మనము, బిడ్డ తన నొప్పిని తల్లికి చెప్పుకొనుటకు వలసిన ఒక్క తెలుగు మాటను ఇంటిలో నిలుపవలదా?

సరే, మాట పలికితిమి. ఇక సంగతి. రొమ్ములో తగిలిన ప్రతిదియు క్యాన్సరు కాదు. పిల్లలలోనైతే దాదాపు ఎప్పుడును కాదు. దీనిని పుట్టిన నాటినుండి చెప్పుకొని రావలెను.

పసికందునకు, ఆడ యైనను మగ యైనను, రొమ్ములు కొంచెము ఉబ్బి యుండుట సహజము. గర్భమున నుండగా తల్లి హార్మోనులు బిడ్డకు సోకుట దీనికి హేతువు. ఒక్కొక్కప్పుడు పాలవంటి చుక్కయు కనబడును. కొన్ని వారములకో, కొన్ని నెలలకో తనంతట తానే అణగిపోవును. మన యిండ్లలో జరుగునదేమి? బిడ్డకు నీళ్లు పోయు ముసలమ్మ నూనె రాచి, ఆ లేత రొమ్ములను రెండు వ్రేళ్లతో నొక్కి పాలు పిండివేయును. "పిండకున్న గడ్డ కట్టును" అని ఆమె సిద్ధాంతము. నిజమునకు పిండుటవలననే పుండై, చీము పట్టి, గడ్డ కట్టును. అట్లు లోపలి మొగ్గ చెడినచో, పండ్రెండేండ్ల తరువాత ఆ వైపు రొమ్ము సరిగా పెరుగకపోవచ్చును. తల్లులారా, ఇంటి పెద్దలకు ఎదురు చెప్పుట కష్టమే. ఈ ఒక్క విషయములో ఎదురు చెప్పుడు. బిడ్డను చేతులలోనుండి తీసికొనుడు.

తరువాత ఎనిమిదవ యేటికిని పదమూడవ యేటికిని నడుమ ఎప్పుడో చనుమొన క్రింద బిళ్లవంటి గట్టిదనము తోచును. తరచుగా మొదట ఒక వైపుననే తోచును. రెండవ వైపున కొన్ని నెలలకు గాని రాదు. తాకిన నొప్పిగా నుండును. ఒక వైపుననే యున్నందున గడ్డ యని భయపడుదురు. అది గడ్డ కాదు. రొమ్ము మొలచుచున్నది, అంతే. ఎనిమిదేండ్లు నిండకమునుపే మొదలైనచో పిల్లల డాక్టరునకు చూపవలెను గాని, అప్పుడును కత్తి పెట్టరాదు. ఆ మొగ్గను కోసి తీయుట రొమ్మునంతను తీయుటయే.

నా యెరుకలో ఒక పిల్లకు తొమ్మిదవ యేట ఇదే జరిగినది. బంధువులు భయపెట్టగా తలిదండ్రులు తొందరపడి ఊరి వెలుపలనున్న ఒక చిన్న నర్సింగ్ హోమునకు తీసికొనిపోయిరి. అల్ట్రాసౌండు లేదు, పిల్లల శస్త్రవైద్యుని సలహా లేదు; "కంతి" యని కోసి పారవైచినారు. ఆ పిల్లకిప్పుడు పందొమ్మిది యేండ్లు. ఆ వైపు రొమ్ము లేదు. తల్లి కుట్టుపని నేర్చుకొని పిల్ల జాకెట్లు తానే కుట్టుచున్నది. దర్జీకి కొలతలిచ్చుటకు వారికి మన సొప్పదు. చూడుడు, నేను డాక్టరునొద్దకు పొండని ఒకవైపు చెప్పుచునే కత్తికి తొందరపడవలదని రెండవవైపు చెప్పుచున్నాను. ఈ రెండును ఒక్కటే. దాచువాడును తొందరపడువాడును ఒకే భయమునకు బానిసలు. నలుగురికి తెలియకముందే పని ముగించవలెనను ఆత్రమే ఆ పిల్లను చెరచినది.

మగపిల్లల మాట మరచితిని. యౌవనము వచ్చునప్పుడు వారిలో సగము మందికి రొమ్ము కొంచెము ఉబ్బును. ఒకటి రెండేండ్లలో తగ్గిపోవును. తోటివారు గేలిచేయుటవలన చొక్కా విప్పక, ఆటలు మాని, ముడుచుకొని కూర్చుండు పిల్లలు మన వీధిలోనే యున్నారు. తండ్రి ఒక్క మాట చెప్పిన చాలును.

యౌవనము వచ్చిన ఆడపిల్లలలో కనబడు గడ్డలలో మిక్కిలి హెచ్చు భాగము ఫైబ్రోఅడినోమా అనబడునది. రబ్బరు గోళీవలె వ్రేలి క్రింద జారిపోవును. సాధారణముగా నొప్పి యుండదు. అది క్యాన్సరు కాదు. చిన్నదైనచో అల్ట్రాసౌండు తీయించి, కొన్ని నెలల కొకసారి చూచుచుందురు. కొన్ని తామే తగ్గిపోవును. పిల్లలకు రొమ్ము సాంద్రముగా నుండును గనుక మామోగ్రాము పనికిరాదు; దానిని తీయించుడని ఎవరైన చెప్పినచో రెండవ వైద్యుని అడుగుడు. 5 సెంటీమీటర్లు దాటినదానిని, త్వరత్వరగా పెరుగుదానిని తీసివేయుదురు. ఇందులోనే చిన్నవయస్సునకు ప్రత్యేకమైన జాతి ఒకటి కలదు. అది కొలది నెలలలో బత్తాయిపండంత యగును. చూచుటకు భయంకరముగా నున్నను అదియు క్యాన్సరు కాదు. నేర్పుగల సర్జను చనుమొన అంచుననే గాటు పెట్టి తీయగలడు. ఆ పిమ్మట బిడ్డలకు పాలిచ్చుటకు సాధారణముగా అడ్డు రాదు. సంబంధము చెడిన మన పిల్లకు తీసివేసినది ఇట్టి గడ్డయే. ఎంత గడ్డ? రేగుపండంత. రేగుపండంత గడ్డకై ఒక పెండ్లి ఆగినది. ఆ పెండ్లి ఆగినందుకు మన యాడపిల్లలందరి పత్రములలో ఒక గడి వెలసినది.

అట్లయిన అరుదైన ప్రమాదములే లేవా యని అడుగుదురు. ఉన్నవి. అందుచేతనే ఈ వ్యాసము.

ఫిలాయిడిస్ కంతి యనునది యొకటి. కోసి చూచిన ఆకుల మడతలవలె నుండును గనుక జర్మను వైద్యుడు యోహానెస్ ముల్లరు 1838లో గ్రీకు భాషలో ఆకు అను అర్థము వచ్చునట్లు దానికి పేరు పెట్టినాడు. నలువదేండ్ల స్త్రీలలో హెచ్చు. పదునైదు పదునారేండ్ల పిల్లలలో బహు అరుదు. పిల్లలలో అది పెక్కుసార్లు సాధుస్వభావము గలదే. అయినను తీసినప్పుడు చుట్టును కొంత ఆరోగ్యకరమైన భాగముతో గూడ తీయకున్నచో మరల మొలచును. కొన్ని నిజముగా క్యాన్సరు స్వభావము గలవి. ఫైబ్రోఅడినోమాకును దీనికిని తేడా వ్రేలితో తెలియదు. సూదితో ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడవలెను.

ఇక అసలు క్యాన్సరు. ఇరువదేండ్లలోపు ఆడపిల్లలలో అమెరికా లెక్కల ప్రకారము పది లక్షల మందికి ఏటా సుమారు ఒక్కరు. ఉన్నవానిలో ఒక రకమును 1966లో మెక్‌డివిట్, స్టూవర్ట్ అను వైద్యులు చిన్నపిల్లలలో కనుగొని వర్ణించిరి. తరువాత పెద్దవారిలోను కనబడుటచే దానిని ఇప్పుడు సెక్రటరీ కార్సినోమా యనుచున్నారు. అది మెల్లగా పెరుగును. వేళకు తీసినచో చాలమంది బాగుపడుదురు. మరికొన్ని సమయములలో రొమ్ములోని గడ్డ రొమ్ముది కాదు. రక్తపు క్యాన్సరో, లింఫోమాయో, కండరములలో పుట్టిన రాబ్డోమయోసార్కోమాయో అక్కడికి వచ్చి చేరినది. అట్టి పిల్లకు ప్రతి వారము విలువగలది. బాల్యములో హాడ్జ్‌కిన్ వ్యాధికి రొమ్ముమీద రేడియేషను పొందిన ఆడపిల్లలు వేరొక వర్గము. వారికి పెద్దయిన పిమ్మట రొమ్ము క్యాన్సరు అపాయము హెచ్చు గనుక, 25వ యేటనుండి గాని, రేడియేషను ముగిసిన 8 యేండ్లనుండి గాని, ఏది ఆలస్యమైన దానినుండి ఏటేట పరీక్ష చేయించుకొనవలెనని వైద్య సంఘముల నియమము. మన పదునొకండవ గడిలో అట్టి పిల్ల యేమి వ్రాయవలె? చిన్ననాట మృత్యువును గెలిచివచ్చిన పిల్ల ఆ గెలుపును కళంకమువలె దాచుకొనవలెనా? దాచుకొన్నచో ఏటేట పరీక్షకు ఎవరిని వెంటబెట్టుకొని పోవును?

దాచుట యననేమో ఒక సంగతి చెప్పెదను. చాకలిపేటలోని ఒక యింట పదునైదేండ్ల పిల్లకు రొమ్ములో గోళీయంత గడ్డ కనబడినది. తల్లికి చెప్పినది. తల్లి ఆస్పత్రికి పోదమన్నది. ఇంటిలో అక్క పెండ్లికి సిద్ధముగా నున్నది. "చిన్నదానికి గడ్డ యని తెలిసిన పెద్దదానికి సంబంధము వచ్చునా? ముందు అది కానిండు" అని నాయనమ్మ శాసించినది. సున్నము బెల్లము కలిపి పట్టువేసిరి. తోలు కాలి బొబ్బలెక్కినది. మంత్రము వేయించిరి. వేడినూనెతో కాపడము పెట్టిరి. అక్కకు సంబంధము కుదురుటకు ఒక సంవత్సరము, పెండ్లి జరుగుటకు ఆరు నెలలు పట్టినది. పిల్ల ఎడమ భుజముమీద పైట రెండు మడతలు వేసికొని అక్క పెండ్లిలో వడ్డన చేసినది. పదునేడవ యేట ఆస్పత్రికి వచ్చునప్పటికి గడ్డ అరకొబ్బరికాయంత. పరీక్షలో ఫిలాయిడిస్ అని తేలినది. మొదట వచ్చి యున్నచో గడ్డను మాత్రము తీసి రొమ్మును నిలిపియుందురు. అప్పటికి రొమ్మునంతను తీయవలసి వచ్చినది. పిల్ల బ్రదికి యున్నది, చదువుచున్నది. దానికి దేవునకును, డాక్టర్లకును నమస్కారము. కాని ఆ రొమ్మును తీసినది కత్తి యనుకొనువారు పొరబడుచున్నారు. దానిని తీసినది సంబంధములు చూచు మన పద్ధతి.

ఇప్పుడు గడియొద్దకు వత్తము. వర్తకుడు దేనినైనను ఒక ప్రశ్నతో కొలుచును: ఈ నియమమువలన ఎవనికి లాభము, ఎవనికి నష్టము? ఈ గడిలో పిల్లను డాక్టరునకు చూపించిన తల్లి "ఉన్నది" అని వ్రాయవలెను. చూపక దాచిన తల్లి నిర్భయముగా "లేదు" అని వ్రాయవచ్చును. ఏలయన ఆమె చేతిలో కాగితము లేదు, పరీక్ష లేదు, పేరు లేదు. అనగా ఈ గడి చూపించినవారికి జరిమానా, దాచినవారికి బహుమానము. తూకపురాళ్లకు ముద్ర వేయించుకొన్న కొట్టుమీదనే జరిమానా వేయుదుమని ప్రభుత్వ మన్నచో బజారులో ఎవడు ముద్ర వేయించును? నిజము బయటికి రావలెనని పెట్టిన గడి నిజమును ఇంకను లోతుగా పాతిపెట్టును. ఆ పాతిపెట్టినదానిలో నూటికి తొంబదికి పైగా అపాయములేని గడ్డలే కావచ్చును. మిగిలినవానికి కావలసినది ఒక్కటే: త్వరగా చూచుట. ఆ ఒక్కదానినే ఈ గడి అడ్డగించుచున్నది. ప్రాణాపాయకరమని నే నన్నది ఇందుకే.

మా కొట్టులో తాను విప్పి, వెలుతురునకు ఎత్తిపట్టి, ఎక్కడ పోగు తెగినదో, ఎక్కడ మచ్చ పడినదో చూచి, డామేజి సరుకును వేరుగా పేర్చుదుము. అది న్యాయమైన పని. బట్టకు మనస్సు లేదు. అదే పనిని సంఘపు కార్యాలయమున కన్నపిల్లలకు చేయుదమా? చేయుదుమన్నచో వరులను మాత్రమేల విడువవలె? సిగరెట్టు, సారా, చక్కెర, గుండెకు వేసిన స్టెంటు, చీట్లలో పోగొట్టిన సొమ్ము – వీనికి తలా ఒక గడి వేయుడు. అప్పుడు మన వీధిలో ఎన్ని సంబంధములు నిలుచునో చూతము.

"అయితే మోసము చేయుమనుచున్నావా? రేపు పిల్లకు నిజముగా పెద్ద జబ్బు ఉన్నచో పెండ్లికొడుకునకు తెలియవలదా?" అని కోశాధికారిగారు అడిగిరి. న్యాయమైన ప్రశ్న. తెలియవలెను. ఎవరికి? పెండ్లాడువానికి. ఎవరు చెప్పవలె? ఆ పిల్ల. ఎప్పుడు? ఇద్దరును కూర్చుండి మాటలాడుకొన్నప్పుడు, వాడును తన సంగతి చెప్పునప్పుడు. అది ఇద్దరి నడుమ విశ్వాసము. సంఘపు బీరువాలో నలుగురు గుమాస్తాలు, ఎనమండుగురు కార్యవర్గ సభ్యులు, లెక్కలేని మధ్యవర్తులు త్రిప్పి చూచు కాగితమున కెక్కినది విశ్వాసము కాదు, చాటింపు. ఎన్నడో తీసివేసిన రేగుపండంత గడ్డనైతే చెప్పినను చెప్పకున్నను మోసము లేదు. టాన్సిల్సు తీయించుకొన్నామని లగ్నపత్రికలో వ్రాయుచున్నామా?

సిగ్గువలన స్త్రీలు చచ్చుట ఈ నగరమునకు క్రొత్త కాదు. ఆ సిగ్గుతో పోరాడుటయు క్రొత్త కాదు. మేరీ షార్లీబ్ అను ఇంగ్లీషు వనిత, భర్త ఇచట న్యాయవాదిగా నుండగా, పురుష వైద్యునకు చూపలేక ప్రసవములలో మరణించు స్త్రీలను గూర్చి విని, 1875లో మదరాసు వైద్య కళాశాలలో చేరిన మొదటి నలుగురు స్త్రీలలో ఒకతె యైనది. 1885లో ఘోషా స్త్రీల కొరకు ఆమె ఆస్పత్రి నెలకొల్పినది. ఆ ఆస్పత్రి కట్టడమునకు లక్ష రూపాయలిచ్చినది ఎవరో మనలో ఎందరికి తెలియును? మన వేంకటగిరి రాజావారు. తిరువళ్ళిక్కేణిలో నేడు కస్తూర్బా గాంధీ పేరిట నడచుచున్న, మన ముసలివారు ఇప్పటికిని ఘోషా ఆస్పత్రి యని పిలుచు ఆస్పత్రి అదే. ఆనాటి తెలుగు దొర స్త్రీల సిగ్గును మన్నించుచునే వారి ప్రాణములు నిలుపుటకు ధనమిచ్చినాడు. ఈనాటి మనము అదే సిగ్గును గడికట్టి అచ్చువేయుచున్నాము.

డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి కథ ఇంకను దగ్గరిది. 1912లో మదరాసు వైద్య కళాశాలనుండి పట్టము పొంది, శాసనసభకు ఉపాధ్యక్షురాలైన ఆ తల్లి, తన చెల్లెలు క్యాన్సరుతో మరణించుట కన్నులార చూచినది. ఆ దుఃఖమును ఇంటిలో దాచుకొనలేదు. మూడు దశాబ్దములు పట్టినను వదలక 1954లో అడయారున 12 పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెరపించినది. 1955లో అచట చేరిన డాక్టరు శాంతగారు 2021లో కన్నుమూయువరకు ఆ సంస్థకే తమ జీవితమును ధారపోసిరి. 1960నాటికే అచట పిల్లల క్యాన్సరునకు ప్రత్యేక విభాగము ఏర్పడినది. దేశములో మరెచ్చటను పిల్లలకు క్యాన్సరు వచ్చునని తలచుటకే జంకు కాలమది. మన అవ్వలు దీనిని రాచపుండు అనిరి. మన ఇరుగుపొరుగు తమిళులు పుట్రునోయి అనిరి. రెండు పేర్లును వినినంతనే చెవులు మూసికొనవలసినట్టివే. ఆ పేర్ల భయమును పోగొట్టుటకు ఆ స్త్రీలు తమ ఆయుర్దాయమును వెచ్చించిరి. అడయారు మనకు బస్సు దూరము. ఒక రూపాయి ఖర్చులేని మాట పలుకుటకు మన మేల జంకవలె?

పిల్ల రొమ్ములో గడ్డ తగిలినదని చెప్పినచో కంగారుపడక, కోపపడక, తల్లి తోడుండగా చూపించుడు. చిన్నపిల్లలకు ఎగ్మూరులోని ప్రభుత్వ పిల్లల ఆస్పత్రి కలదు. రాయపురమువారికి స్టాన్లీ దగ్గర. సెంట్రలు స్టేషనునకు ఎదుట జనరల్ ఆస్పత్రి. స్త్రీ వైద్యురాలిని అడుగవచ్చును. అడుగుట మీ హక్కు. త్వరత్వరగా పెరుగుచున్నది, గట్టిగా కదలక యున్నది, పైతోలు ముడుతపడినది, చనుమొననుండి రక్తము వచ్చుచున్నది, చంకలో బిళ్లలు తగులుచున్నవి అన్నచో మరుసటి దినముననే పొండు. పట్టువేయకుడు, పిండకుడు, కాపడము పెట్టకుడు. తమిళములో చెప్పుకొనలేని పెద్దవాండ్రు కార్యాలయమునకు కబురు పంపినచో తోడు వచ్చుటకు మన సంఘపు మహిళలు ముగ్గురు ఒప్పుకొన్నారు. ఎవరి పేరును ఏ పుస్తకములోను వ్రాయబడదు.

ఇక చేయవలసిన పని. రాబోవు కార్యవర్గ సమావేశములో, వధువుల దరఖాస్తునుండి పదునొకండవ గడిని పూర్తిగా కొట్టివేయవలెననియు, ఇదివరకే నింపిన పత్రములలోని ఆ భాగమును పిల్లల తల్లుల ఎదుటనే చింపి కాల్చివేయవలెననియు నేను తీర్మానము ప్రతిపాదించుచున్నాను. దానిని బలపరచుటకు ఇష్టపడు సభ్యులు, ముఖ్యముగా ఆడపిల్లల తండ్రులు, ముందుగా కార్యాలయమున తమ పేర్లు తెలియజేయ ప్రార్థన. క్రొత్త నమూనాలు ఇంకను ప్రెస్సులోనే యున్నవి. ఐదువందలు మాత్రమే అచ్చైనవి. వాని ఖర్చు నేను పెట్టుకొందును.